ధన్యుడు – గైకొనుట – కృప: తెలుగు బైబిలు పదజాలముపై ఒక పరిశీలనము

తెలుగు వచనవికాసమును గూర్చి వ్రాయువారు సామాన్యముగా 1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రికను మొదటి మైలురాయిగా గ్రహింతురు. అంతకు నలుబది యొక్క సంవత్సరములకు పూర్వము, అనగా 1812లో, మూడు సువార్తలు తెలుగు వచనమున అచ్చుపడినవి. ఆ సంగతిని మన సాహిత్యచరిత్రలు ఒకటి రెండు వాక్యములతో దాటవేయుచున్నవి. దాటవేయుటకు హేతువుగా చూపబడునది 'పాదరీల తెలుగు' అను ఒక్క మాట. ఆ తెలుగు కృతకమనియు, అన్వయక్లేశము గలదనియు, దానియందు సాహిత్యవిమర్శకు లక్ష్యమగునది యేమియు లేదనియు ఒక అభిప్రాయము స్థిరపడిపోయినది. ఈ అభిప్రాయమున సత్యము కొంత లేకపోలేదు. కాని ఒక భాషలో కొత్తగా ప్రవేశించిన మతము తన మూలభావములకు ఆ భాషయందు ఏ మాటలను ఎన్నుకొన్నదో, ఆ మాటలు తమతో తెచ్చిన పూర్వసంస్కారమేమో పరిశీలించుట శైలీవిచారముకంటె భిన్నమైన పని. క్రైస్తవమతమున శాస్త్రవిధేయత, దేవుని కృప, వానివలన మనుష్యునకు గలుగు ధన్యత అను మూడు భావములు తెలుగున ఏ రూపమును ధరించినవో విచారించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

ఈ విచారణకు విశాఖపట్టణము, అందును నేడు వన్ టౌన్ అని వ్యవహరింపబడు పాతపట్టణము, తగిన స్థలము. లండను మిషను వారి పక్షమున జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజి అను నిరువురు 1805లో ఈ పట్టణమునకు వచ్చి తెలుగు నేర్చి సువార్తల అనువాదమునకు పూనుకొనిరి. అంతకు పూర్వము, 18వ శతాబ్దపు పూర్వార్ధమున, బెంజమిన్ షుల్జి బైబిలును తెలిగించెను గాని ఆ గ్రంథము అచ్చునకు నోచుకొనలేదు. కావున జనులచేతికి అందిన తెలుగు బైబిలునకు జన్మస్థానము విశాఖపట్టణమే యనవలెను. వీరికి తోడ్పడినవాడు ఆనందరాయరు అను బ్రాహ్మణుడు. తరంగంబాడిలో క్రైస్తవమును స్వీకరించి ఆయన ఇచటికి వచ్చెను. క్రాన్ 1809లోను, డెగ్రాంజి 1810లోను మరణించిరి. వారి కృషిఫలములైన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురమున ముద్రితములైనవి. తరువాత ఎడ్వర్డు ప్రిచెట్ పూర్తిచేసిన క్రొత్తనిబంధన 1818లో చెన్నపట్టణమున వెలువడెను. 19వ శతాబ్దపు మధ్యభాగమున వార్డ్లా, జాన్ హే మొదలగువారు ఈ పట్టణముననే ఉండి సవరణలు గావించిరి. నా పరిశీలనకు ఆధారముగా గైకొన్నది ఇట్టి పెక్కు సవరణల పిమ్మట బైబిలు సొసైటీవారి ముద్రణలలో చిరకాలముగా దేవాలయములందు పఠింపబడుచున్న పాఠము.

ముందుగా నా పొరపాటును నేనే చెప్పుకొనుట న్యాయము. తులనాత్మక భక్తిసాహిత్యమును బోధించు సందర్భమున నేను కొన్ని సంవత్సరములపాటు విద్యార్థులకు ఒక మాట చెప్పుచు వచ్చితిని. తెలుగు బైబిలులోని ధన్యత కర్మఫలమునకు రూపాంతరమే యనియు, విధిని పాటించినవాడు ఫలమును పొందునను సూత్రమే అచటను గలదనియు, కృప యను మాట పైపూతవంటిదనియు నా వాదము. దానికి నేను చూపిన ప్రధానసాక్ష్యము మొదటి కీర్తన. ఒకప్పుడు వన్ టౌనులో మాకు పరిచితురాలైన ఒక వృద్ధురాలితో ప్రసంగవశమున ఈ మాటయే అనగా, ఆమె నన్ను ఖండింపలేదు. చేసి పొందినది కాదు బాబూ, పొందినందువలన చేయుచున్నదేనని మాత్రము నెమ్మదిగా అనెను. ఆమె పాండిత్యము గలది కాదు. ఆదివారపు ఆరాధనలో విన్న గ్రంథమే ఆమె చదువు. నేను చదివిన పాఠమునే ఆమెయు వినియుండగా, ఇరువురకును తోచిన అర్థములు ఇంత విరుద్ధములెట్లయ్యెను? పాఠమునే తిరిగి చదువవలసివచ్చెను.

నా పొరపాటునకు మూలము తెలుగు వాక్యక్రమమున నున్నది. హీబ్రూ మూలమున మొదటి కీర్తన 'అష్రే' అను పదముతో ఆరంభమగును. అది ఒక నిర్ణయమును తెలుపు పదము కాదు. ఆశ్చర్యమును, సంతోషమును వెలిబుచ్చు ఉద్గారము. ఆ మనుష్యుని ధన్యత ఎంతటిదో అని ముందుగా పలికి, పిమ్మట అతడెట్టివాడో వర్ణించుట మూలమునందలి క్రమము. గ్రీకు సువార్తలో కొండమీది ప్రసంగమును ఇట్లే 'మకారియొయ్' అను పదముతో మొదలగును. తెలుగున విశేషణవాక్యము విశేష్యమునకు ముందు రావలెను. విధేయపదము వాక్యాంతమున నుండవలెను. అందుచేత మొదటి కీర్తనలో దుష్టుల ఆలోచనను విడుచుట, పాపుల మార్గమును వీడుట, అపహాసకుల పీఠమును త్యజించుట, ధర్మశాస్త్రమునందు ఆనందించుట, రేయింబవళ్లు ధ్యానించుట అను ఐదింటిని దాటినగాని 'ధన్యుడు' అను పదము శ్రోతకు వినబడదు. మూలమున మొదటి చరణపు మొదటి పదమైనది తెలుగున రెండవ చరణపు చివరిపదమైనది. ఉద్గారము నిర్ణయముగా మారినది. స్వాగతవాక్యము పరీక్షాఫలితమువలె వినవచ్చుచున్నది.

ఇది అనువాదకుల దోషమా? కాదనియే నా అభిప్రాయము. 'ఎవడు–వాడు' అను జంటపదములతో వాక్యమును మార్చినను ధన్యపదము చివరకే పోవును. 'ధన్యుడెవడనగా' అని ఆరంభించినచో ప్రశ్నోత్తరములరీతి ఏర్పడి కీర్తనకు తగిన గాంభీర్యము చెడును. పద్యమున విధేయపదమును ముందునకు తెచ్చు స్వాతంత్ర్యము గలదు. వచనమును ఎన్నుకొన్న అనువాదకులకు అది అంతగా లేదు. కావున భాషాస్వభావమువలన కలిగిన ఈ మార్పును భావమునందలి మార్పుగా గ్రహించి నేను కర్మఫలవాదమును దానిపై ఆరోపించితిని. వాక్యక్రమము కాలక్రమము కాదు, కారణక్రమమును కాదు. ఈ భేదమును విమర్శకుడు మరువరాదు.

ఇక ధన్యశబ్దమును విచారింతము. ఈ పదమునకు పాణిని చెప్పిన వ్యుత్పత్తి గమనింపదగినది. అష్టాధ్యాయి నాలుగవ అధ్యాయము నాలుగవ పాదమునందలి 84వ సూత్రమున ధనశబ్దముపై యత్‌ప్రత్యయము 'దానిని పొందినవాడు' అను అర్థమున విధింపబడినది. ధనమును ఆర్జించినవాడని కాదు, లభించినవాడని అర్థము. సంఘమున కూర్చుండి వినువారికి పాణిని తెలియునా యని ఆక్షేపింపవచ్చును. తెలియనక్కరలేదు, తెలుగు వాడుక అదే అర్థమును నిలుపుకొన్నది. మహాత్ముడొకడు ఇంటికి వచ్చినపుడు, దైవదర్శనమైనపుడు, గురువు కటాక్షించినపుడు మనవారు 'ధన్యుడనైతిని' అందురు. తాను సాధించినదానిని చూచుకొని ఆ మాట ఎవడును అనడు. నేడు కృతజ్ఞతను తెలుపుటకు మనము వాడు 'ధన్యవాదము' అను మాటయు ఇచ్చువానిని ఉద్దేశించినదే గదా! కావున ధన్యశబ్దము మన భాషలో గ్రహీతకు చెందినది, కర్తకు చెందినది కాదు.

అనువాదకులకు వేరుమాటలు లేకపోలేదు. 'కృతార్థుడు', 'కృతకృత్యుడు' అనువానిలో చేయుటయే ప్రధానము. 'పుణ్యుడు', 'పుణ్యాత్ముడు' అనునవి ఆర్జితసుకృతమును స్ఫురింపజేయును. 'భాగ్యవంతుడు' అనుదానిలో అదృష్టము, పూర్వజన్మసంచితము అను ఛాయలు గలవు. పొరుగున నున్న తమిళ బైబిలు ఈ స్థలముల ఆ పదమునకే సమమైన రూపమును వాడుచున్నది. 'సుఖి' అన్నచో విషయము లౌకికమగును. ఇన్నింటినడుమ 'ధన్యుడు' అను పదము నిలిచినది. మత్తయి సువార్త ఐదవ అధ్యాయమున ఈ పదము తొమ్మిదిమారులు వచ్చును. అందు ఎనిమిది ప్రథమపురుషయందును, తొమ్మిదవది ఎదుటివారిని సంబోధించి మధ్యమపురుషయందును ఉన్నవి. దీనులు, దుఃఖించువారు, హింసింపబడువారు ధన్యులని చెప్పినచోట కృతార్థశబ్దము గాని పుణ్యశబ్దము గాని అతుకనేరదు. ఏమియు లేనివానికి పొందినవాడను పేరే తగును.

మరియొక విశేషము. ఆంగ్లమున ఒకే పదముతో చెప్పబడు రెండు గ్రీకు భావములను తెలుగు వేరుచేసి చూపుచున్నది. దేవుడు పలికిన మంగళవచనమునకు పాత్రులైనవారిని 'ఆశీర్వదింపబడినవారు' అనియు, ఆ స్థితియందున్నవారిని 'ధన్యులు' అనియు తెలుగు పాఠము చెప్పును. లూకా మొదటి అధ్యాయమున ఎలీసబెతు మరియను గూర్చి పలికిన మాటలలో ఈ రెండును గలవు. ఆశీర్వాదము దేవుని క్రియ. ధన్యత దానిని పొందినవారి స్థితి. ఇట్టి వివేకము గల అనువాదమును కేవలము కృతకమని త్రోసివేయుట సాహసము.

ధన్యత విధేయతవలననా, కృపవలననా అను ప్రశ్నకు బైబిలులోనే రెండు కీర్తనలు ఎదురెదురుగా నిలిచియున్నవి. మొదటి కీర్తనలో ధర్మశాస్త్రమును ధ్యానించువాడు ధన్యుడు. ముప్పదిరెండవ కీర్తనలో క్షమింపబడినవాడు ధన్యుడు. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయమున ఈ రెండవ కీర్తననే ఉదాహరించి, క్రియలు లేకుండనే నీతిమంతుడుగా ఎంచబడినవాని ధన్యతను ప్రతిపాదించెను. యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయమున, వాక్యమును విని మరచువాడు గాక చేయువాడే తన క్రియయందు ధన్యుడగునని చెప్పెను. తెలుగు పాఠము ముప్పదిరెండవ కీర్తనలో చేసిన ఒక పని ఇచట ముఖ్యము. అచట 'ప్రాయశ్చిత్తము' అను పదము వాడబడినది. మన ధర్మశాస్త్రములందు ప్రాయశ్చిత్తము పాపి తాను చేసికొనునది. కృచ్ఛ్రచాంద్రాయణాదులు వాని దేహమునకు సంబంధించినవి. తెలుగు కీర్తనకారుడు ఆ పదమునకు 'చేసికొను' అను క్రియను విడిచి 'ఒందు' అను క్రియను జోడించెను. ప్రాయశ్చిత్తమును చేసికొనినవాడు కాదు, ఒందినవాడు ధన్యుడు. ధర్మశాస్త్రపదమును దాని వ్యాకరణమును మార్చి కృపావాచకముగా చేసిన ఈ ఒక్క ప్రయోగము, పాత పదములలో కొత్త అర్థము ఎట్లు ప్రవేశించునో తెలుపుటకు చాలును.

విధేయతను తెలుపు పదములు ఇంకను ఆసక్తికరములు. లూకా పదునొకండవ అధ్యాయమున ఒక స్త్రీ యేసును కన్న తల్లి ధన్యురాలని పలుకగా, ఆయన దేవుని వాక్యమును విని దానిని పాటించువారే ధన్యులని బదులుచెప్పెను. 'పాటించు' అను అర్థమున తెలుగు పాఠము వాడిన క్రియ 'గైకొను'. యోహాను సువార్తలో ఆజ్ఞలను గూర్చియు ఈ క్రియయే వచ్చును. గ్రీకు క్రియలకు కాపాడుట, భద్రపరచుట అని అర్థము. తెలుగు గైకొను అనునది 'కైకొను' అనుదానికి రూపాంతరము. కై యనగా చేయి. చేతితో అందుకొనుట, స్వీకరించుట దాని మూలార్థము. కాపాడుట అను ఛాయ తెలుగున కొంత లోపించినదని ఒప్పుకొనవలెను. కాని దానికి ప్రతిగా ఒక లాభము కలిగినది. ఆజ్ఞను గైకొనుట యనగా ఇయ్యబడినదానిని చేయిచాచి అందుకొనుట. ఈ క్రియలో విధేయతయు గ్రహణమును ఒక్కటే. ధన్యశబ్దమున పొందుట యున్నది, గైకొనుటలోను పొందుట యున్నది. ఒకటి స్థితి, ఒకటి చేత. నేను విద్యార్థులకు చెప్పిన కర్మఫలసూత్రము ఈ జంటకు పొసగదు.

'విను' అను క్రియయు ఇట్టిదే. గ్రీకున విధేయతను తెలుపు పదమే వినుట యను ధాతువునుండి పుట్టినది; హీబ్రూలోను వినుట విధేయతకు పర్యాయము. మన తెలుగున 'వాడు మాట వినడు' అన్నచో చెవిటివాడని అర్థము కాదు, చెప్పినట్లు చేయడని అర్థము. ఇచట అనువాదకులు ప్రయత్నింపకయే భాష వారికి తోడ్పడినది. దీనితో పోల్చినపుడు 'విధేయత' అను సంస్కృతపదము కొంత కఠినము. విధింపబడినదానికి లోనగుట దాని భావము. అధికారి యెదుట నిలిచిన భృత్యుని అది స్ఫురింపజేయును. 'లోబడు' అను తెలుగుమాటయందును లొంగుబాటు ఛాయయే అధికము. పత్రికల అనువాదమున ఈ రెండుమాటలు విరివిగా వచ్చుటచే, సువార్తలందు గైకొనుటగా నున్న మృదుత్వము అచట తగ్గినది. ఇది నేను చూపదలచిన మొదటి లోపము.

రెండవ లోపము కృపాశబ్దమునకు సంబంధించినది. హీబ్రూలో 'హెసెద్' అనునది నిబంధనచే కట్టుబడిన స్థిరమైన ప్రేమ. గ్రీకున 'ఖారిస్' అనునది అర్హత లేనివానికి ఉచితముగా లభించు అనుగ్రహము. తెలుగు పాఠము సామాన్యముగా రెండింటికిని కృప యనియే చెప్పును. నూటముప్పదియారవ కీర్తనలో ప్రతిచరణమున వచ్చు కృపయు, ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలోని కృపయు ఒకటే యని పాఠకుడు తలచును. సంస్కృతమున కృప కరుణకు సన్నిహితము. దానిలో జాలి యున్నది గాని మాటకు కట్టుబడుట లేదు. అందుచే హెసెద్ అను పదమునందలి విశ్వసనీయత తెలుగున మరుగుపడినది. కథోలికసంప్రదాయమున కృపకు బదులు 'వరప్రసాదము' అను పదము వాడుకలో నున్నది. వన్ టౌనులో రాస్ కొండపై నున్న మరియమాత దేవాలయమున ఈ మాట వినవచ్చును. క్రింద ప్రొటెస్టెంటు దేవాలయములలో కృప యను మాట వినవచ్చును. ఆ కొండకు సమీపముననే ఒక కొండపై దర్గాయు, మరియొక కొండపై వేంకటేశ్వరాలయమును గలవు. ప్రసాదము అను పదము ఆలయమునందును, దేవాలయమునందును భిన్నార్థములతో పలుకబడుచున్నది. వరప్రసాదమున ఇయ్యబడు వస్తువు ప్రధానము. కృపలో ఇచ్చువాని మనస్సు ప్రధానము. రెండును చేరినగాని ఖారిస్ అను భావము పూర్తి కాదు.

కృపావిధేయతల సంబంధమును గూర్చిన వివాదము మన దేశమునకు కొత్త కాదు. శ్రీవైష్ణవులలో మర్కటకిశోరన్యాయము, మార్జాలకిశోరన్యాయము అను రెండు పక్షములు ప్రసిద్ధములు. కోతిపిల్ల తల్లిని తాను పట్టుకొనును; పిల్లిపిల్లను తల్లియే నోటకరచుకొని పోవును. క్రైస్తవమును ఈ రెంటిలో ఒకదానియందు ఇముడ్చుటకు కొందరు యత్నించిరి. పౌలు చెప్పిన క్రమము గమనించినచో ఆ పోలిక కొంతవరకే సాగును. ఎఫెసీయుల పత్రిక రెండవ అధ్యాయమున రక్షణ కృపచేతనే యనియు, క్రియలవలన కాదనియు చెప్పి, వెంటనే సత్‌క్రియలకొరకే మనుష్యుడు సృజింపబడెనని చెప్పెను. రోమీయుల పత్రిక ఆరంభమున తాను కృపను పొందినది జనులు విశ్వాసమునకు విధేయులగుటకే యనెను. మొదట పిల్లిపిల్లవలె మోయబడుట, పిమ్మట కాళ్లతో నడచుట యని దీనిని వ్యాఖ్యానింపవచ్చును. క్రియలు కృపకు మూల్యము కావు, ఫలములు. వన్ టౌను వృద్ధురాలు చెప్పినది ఇదియే.

వచనానువాదము వాక్యక్రమమువలన కోల్పోయినదానిని తిరిగి సంపాదించినది కీర్తన. పురుషోత్తమ చౌదరి (1803–1890) పర్లాకిమిడి ప్రాంతమునకు చెందిన బ్రాహ్మణకవి. 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. ఆయన కీర్తనలు పెక్కులు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో చేరి, రాగతాళసూచనలతో నేటికిని పాడబడుచున్నవి. ఆయన విషయమున విమర్శకులు పదలాలిత్యమును మెచ్చుకొని విడిచిపెట్టుచున్నారు. నాకు ముఖ్యముగా తోచినది కీర్తనారూపము చేసిన పని. కీర్తనలో పల్లవి ముందు వచ్చును. ప్రతిచరణము పిమ్మట మరల పల్లవియే వచ్చును. శరణువేడుటయు, క్రీస్తును సంబోధించి దయను అర్థించుటయు పల్లవిగా నిలిచినపుడు, చరణములలో చెప్పబడు పాపస్మృతి, ఆత్మనింద, సంకల్పము మొదలగునవన్నియు కృపనుండి బయలుదేరి కృపకే తిరిగివచ్చును. వచనమున ఐదు నియమములకు పిమ్మట చివరకు వినబడిన మాట, గానమున మొట్టమొదట వినబడును. అష్రే అను ఉద్గారమునకు తెలుగున దొరికిన సహజమైన ప్రతిరూపము పల్లవియే. ఇది కవి బుద్ధిపూర్వకముగా చేసిన సవరణ యని నేను చెప్పను. మన భక్తిసాహిత్యము సిద్ధపరచియుంచిన రూపము ఆ భావమునకు సరిపడినది. పురుషోత్తమ చౌదరి ప్రతిభ ఆ రూపమును కాదనక స్వీకరించుటయందున్నది.

దీనివలన తేలినది సంగ్రహముగా చెప్పుదును. తెలుగు బైబిలులోని ధన్యత ఆర్జితఫలము కాదు. ధన్యశబ్దపు వ్యుత్పత్తియు, లోకవ్యవహారమును దీనికి సాక్ష్యము. విధేయత అచట మూల్యముగా గాక గ్రహణముగా చెప్పబడినది. గైకొను, విను అను క్రియలు దీనికి సాక్ష్యము. వాక్యక్రమము ఈ అర్థమును కొంత మరుగుపరచినది. విధేయత, లోబడు అను మాటలు దానిని మరికొంత కఠినముచేసినవి. కృపాశబ్దము రెండు మూలభావములను కలిపివేసినది. కీర్తన ఈ లోపములలో మొదటిదానిని చక్కదిద్దినది. తక్కిన రెండును వ్యాఖ్యాతల కొరకు మిగిలియున్నవి.

పరిశోధకవిద్యార్థులకు ఇచట చేయదగిన పని చాల గలదు. 1812నాటి సువార్తలను, 1818నాటి క్రొత్తనిబంధనను, తరువాతి సవరణలను ఎదురెదురుగా నుంచి ఈ మూడు పదముల చరిత్రను ఒక్కొక్క చోట పరిశీలింపవలెను. ఆనందరాయరువంటి స్వదేశీయుల పాత్రను నిర్ణయింపవలెను. అనువాదకర్తృత్వమంతయు దొరల పేరనే చెల్లుబాటగుట న్యాయము కాదు. పాదరీల తెలుగు అను నిందను పునరుచ్చరించుటకంటె ఈ పని శ్రమతో కూడినది, ప్రయోజనకరమైనది. నా మట్టుకు నేను మొదటి కీర్తనను గూర్చి ఇంతకాలము చెప్పిన పాఠమును మార్చుకొంటిని. మార్చుకొనుటకు కారణమైన మాట గ్రంథాలయమున గాక వన్ టౌను వీధిలో దొరకినదని ఇచట వ్రాసియుంచుట నా విధి.